చెప్పకుండా పోవాల్సిన ఇల్లు

“ఆమెను మళ్ళ ఈ గడప తొక్కనియ్యకు. చెప్తున్న.”

“అమ్మా, ఆమెకేం తెలుసే? వేరే దేశపామె.”

“ఆమెకు తెల్వదు. నీకు తెలుసు గద! గిన్నేండ్ల సంది గదే సదువు సదివితివి. ఏ దేశపోళ్ళు ఎట్ల ఓదారుస్తరు, ఎట్ల పలకరిస్తరు అని రాసుకుంట తిరిగితివి. మీ బాపు సచ్చిన ఇంట్లనే గట్ల చేపిస్తవా?”

“నేర్పింది నేనే. ఎవరింటికి పోయినా లేచేటప్పుడు ‘పోయొస్త’ అని చెప్పాలె అన్న. సావు ఇంట్ల చెప్పద్దని చెప్పుడు మర్చిపోయిన.”

“నువ్వు మర్చిపోతే ఎట్లనే?”

నా బిడ్డ వంటింటి గోడకు ఒరిగి నిలబడింది. “ఆ రోజు నేను పంతులమ్మను గాదమ్మా,” అంది. “బాపు బిడ్డను.”

నేను నల్లా కట్టేసి, బియ్యం కడిగిన నీళ్ళు చెట్లకని బకెట్లో పోసి పెట్టుకున్నాను.

మాలో చావు ఇంటికి పలకరించడానికి వచ్చినవాళ్ళు పోయేటప్పుడు చెప్పిపోరు. కాసేపు కూచుంటారు, ఏడుస్తారు, లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోతారు. మేమూ ‘మళ్ళీ రండి’ అనము. అలాంటి పనిమీద ఆ ఇంటికి మళ్ళీ ఎవరూ రావద్దని. మా ఆయన పోయిన మూడోనాడు, నా బిడ్డతో కలిసి పుస్తకం రాస్తున్న పోలండు దేశపు ఆవిడ వచ్చింది. చాప మీద అందరి నడుమ ఒద్దికగానే కూచుంది. లేచేటప్పుడు మాత్రం ఒక్కొక్కరి ముందుకూ వచ్చి, చేతులు జోడించి, ‘పోయొస్త’ అంది. అంతటితో ఆగక లోపలి గదిలోకి పోయి, ఏళ్ళ తరబడి మంచంలోనే ఉన్న మా వదినకు, అంటే మా ఆయన అక్కకు, చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. చాప మీది ఆడవాళ్ళంతా నావైపు చూశారు. అప్పటినుంచి నేను పని వదిలేసి వదిన గదిలోకి తొంగిచూస్తూనే ఉన్నాను, ఊపిరి ఆడుతోందా లేదా అని.

నా బిడ్డ చదువు నాకు ఎన్నడూ అర్థం కాలేదు. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. మా ఆయన నాచారం ఫ్యాక్టరీలో ఒళ్ళు అరగదీసుకుని ఆమెను చదివించాడు. ఏం చదివినవే అంటే ‘మాటలు’ అనేది. మనిషి మాటతో ఇంకో మనిషిని ఎట్లా ఒప్పిస్తాడు, ఎట్లా ఊరడిస్తాడు, ఒకచోట మర్యాద అయినది ఇంకోచోట తప్పు ఎందుకవుతుంది, అదీ ఆమె ఉద్యోగం. బోడుప్పల్‌లోనో చెంగిచెర్లలోనో ఎవరైనా పోతే, ఆ ఇంటివాళ్ళను అడిగి, వెళ్ళి ఒక మూల కూచుని వినేది. కాలనీలో ‘సావులకు పోయే మేడం’ అని పేరు పడింది. నాకు తలెత్తుకోబుద్ధి అయ్యేది కాదు. పొద్దున ఉప్పల్‌లో మెట్రో ఎక్కిందంటే సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ వచ్చేది. కాంట్రాక్టు పంతులమ్మగానే జుట్టు నెరిసింది. ఈ పుస్తకం అచ్చయితే పర్మనెంటు చేస్తారని ఆశ.

ఆ పుస్తకంలో చివరి భాగం మా వదినది. ఒకప్పుడు వదిన శోకం పెడితే వాడకట్టంతా పని ఆపి వినేది. పోయినవాళ్ళు ఏం తినేవాళ్ళో, ఎవరిని తిట్టేవాళ్ళో, అన్నీ వరుసగా ఎత్తి ఏడ్చేది. ఆ శోకాల సంగతి ఆమె నోటితోనే విని ఇద్దరూ రాసుకోవాలి. పోలండు ఆవిడకు మిగిలింది మర్నాడు ఒక్కటే, ఆపైన విమానం. నేను వద్దంటే పుస్తకం అక్కడే ఆగిపోతుంది. అది తెలిసే వద్దన్నాను. దినాలు నిన్ననే అయిపోయాయి, ఇంకా వంటపాత్రలైనా తిరిగి ఇవ్వలేదు. ఇంకొకరిని సాగనంపే ఓపిక నాలో లేదు.

“ఏమే, తల్లీబిడ్డలు ఏంది లొల్లి?” లోపలి నుంచి వదిన పిలిచింది.

వెళ్ళి సంగతి చెప్పాను.

“నేను మంచాన పడ్డసంది నాకు చెప్పి పోయినోళ్ళు ఎవరే? వస్తరు, నీతోని మాట్లాడ్తరు, పోతరు. ఆమె ఒక్కతే నా చెయ్యి పట్టుకొని చెప్పింది.”

“గట్ల చెప్తే మంచిది గాదు వదినా.”

“ఏమైతది? నేను పోతే మళ్ళ వస్తది. రానియ్యి. అందరికి శోకం పెడితిని, నాకు పెట్టేదెవరు? నువ్వు పెడ్తవా? నీకు కన్నీళ్ళు సుత పొదుపేనాయె!”

గుమ్మంలో నా బిడ్డ నవ్వింది. తండ్రి పోయాక ఆ నవ్వు వినడం అదే మొదలు. నాకు నవ్వు రాలేదు. నడుము నొస్తుంటే మంచం పట్టె మీద కూలబడ్డాను.

“రమ్మను,” అన్నాను. “చాయ్‌కి పాలు ఎక్కువ తెప్పియ్య, చెప్తున్న.”

పొద్దున్నే ఆవిడ వచ్చింది. నేను రమ్మనేదాకా గేటు బయటే నిలబడింది. ముగ్గురూ వదిన గదిలో కూచున్నారు. వదిన తమ్ముడి మీద శోకం ఎత్తి, మధ్యమధ్య ఆపి, ఇది ఎందుకన్నానో తెలుసా అని వాళ్ళనే దబాయించింది. నేను వంటింట్లో చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ విన్నాను. పని అయ్యాక ఆవిడ లేచి, తల దించుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా బూట్లు వేసుకుని గేటు తీసింది. నా బిడ్డ నేర్పి ఉంటుంది.

నేను చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాను. “ఏందమ్మా, చెప్పకుంట పోతున్నవ్? దినాలు అయిపోయినయి.”

ఆవిడ నా బిడ్డ వైపు చూసింది. చేతులు జోడించి, “పోయొస్త,” అంది.

“ఆఁ, రా,” అన్నాను. గేటు వేసి, ముందు గదిలో ఉత్తినే తిరుగుతున్న ఫ్యాను ఆపేశాను.