ఇసుక మూట

మాకు చేపలు తెచ్చే ఆయన, కొడుకు మోటారు సైకిల్ కొన్నాక వ్యాపారం వాడికి వదిలేశాడు. సైకిల్ తొక్కడం మాత్రం మానలేదు. ప్రతి ఆదివారం శ్రీకూర్మం నుంచి కోటబొమ్మాళి దాకా, పనేమీ లేకుండానే వెళ్లొచ్చేవాడు. నేనూ గేర్ల సైకిల్ కొని వెంటపడ్డాను. ఎదురుగాలిలో నేను రొప్పుతుంటే, ఆయన రెండు చేతులూ వదిలేసి తాపీగా తలకు తువ్వాలు చుట్టుకునేవాడు. నాకు కడుపు మండేది.

ఆయన సైకిల్ వెనక, చేపల గంప ఉండేచోట ఇసుక మూట ఉండేది. ఎందుకని అడిగాను.

"ఇన్నేళ్లూ బరువుతోనే తొక్కినాను మాస్టారూ. ఉత్త సైకిలెక్కితే తూలిపోతన్నాను. ఇదుంటే హాయిగుంటాది."

కిటుకు దొరికిందనుకున్నాను. మర్నాడే నా సైకిల్‌కు క్యారియర్ బిగించి, ఇసుక మూట కట్టి, మా వీధిలోనే చేతులు వదిలాను. మోకాలు చెక్కుకుపోయింది.

ఆదివారం వచ్చింది. "కాలికేటైనాది మాస్టారూ?" అన్నాడు.

"మెట్ల మీద జారాను."

ఆయన కొత్త క్యారియర్ చూశాడు. దానికి అంటుకున్న ఇసుకను తువ్వాలుతో తుడిచాడు. రోడ్డెక్కాక, రెండు చేతులూ వదిలేసి, ఆ తువ్వాలునే తలకు చుట్టుకున్నాడు.