పెంకులో తెచ్చిన నిప్పు

దయ్యాలున్నాయని నాకు చెప్పబోయినవాళ్ళంతా నాతో చీవాట్లు తిని పోయారు. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి బతికినవాణ్ణి. ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు కడుపుకు ఏమన్నా తిన్నారా అని అడుగుతాను. ఇప్పటికీ అదే అడుగుతాను. కాబట్టి ఇది ఎవర్నీ నమ్మించడానికి రాయడం లేదు. చూసింది చూసినట్టు కాగితం మీద పెడితే నా తల కొంచెం తేలికవుతుందని ఆశ, అంతే.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. దేవరకొండలో బడిపంతులుగా చేరి ఏడాదయింది. నాగార్జునసాగర్ కట్ట లేస్తున్న కాలం అది. కృష్ణ ఒడ్డున మా తాతల ఊరు మునుగుతుందని అంతకు ముందు ఎండాకాలమే జనాన్ని ఖాళీ చేయించారు. ఊరి పక్క దిబ్బలు తవ్వితే వెనకటి కాలపు కట్టడాలు బయటపడ్డాయి. మూరెడు పొడుగు ఇటుకలు, ఏట్లోకి దిగే రాతిమెట్లు, చెక్కిన స్తంభాలు. మోసుకుపోగలిగినవి మోసుకుపోయి మిగతావి నీళ్ళకు వదిలేశారు. ఊరి పేరు రాయను. రాసినా చూడటానికి ఇప్పుడు అక్కడేమీ లేదు.

మా బడిలో డ్రాయింగ్ మాస్టర్ సత్తయ్య. ఆ మెట్లు, స్తంభాలు బొమ్మ గీసుకోవాలని ఆయనకు ఒకటే యావ. “గిప్పుడే పోదాం సారూ, మునిగినంక చూడాలంటె చేపలమై పుట్టాలె” అని నెల రోజులు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఒక శుక్రవారం బడికి సెలవు వచ్చింది. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేద్దామనుకున్నాం.

ఆ సంగతి ఇంట్లో నోరుజారాను. తెల్లారేసరికి మా అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి, మూట కట్టుకుని అరుగు మీద కూర్చుంది. మూటలో మట్టికుండ, బియ్యం, చింతపండు, కారం, ఉప్పు, జొన్నరొట్టెలు. ఆమెకు కళ్ళల్లో శుక్లాలు, మోకాళ్ళ నొప్పులు. ఎండకు చస్తావు, ఉండమన్నాను.

“నీ స్తంభాలు నాకెందుకురా. మా యారాలికి ఒక మాట చెప్పేదుంది. నీళ్ళొచ్చినంక యాడ చెప్పాలె?” అంది.

యారాలంటే తోటికోడలు. ఆమె పేరు లచ్చమ్మ. ఆమె చనిపోయి అప్పటికే ముప్ఫై ఏళ్ళు దాటింది.

ఆ మాటేమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. అవ్వా లచ్చమ్మా ఆ ఊళ్ళో ఒకే గోడకు అటూ ఇటూ కాపురం చేశారు. అప్పట్లో ఇంటింటికీ అగ్గిపెట్టె ఉండేది కాదు. ఎవరి పొయ్యి ఆరిపోతే వాళ్ళు ఒక కుండపెంకు పట్టుకుని పక్కింటికి పోయి నాలుగు నిప్పులు అడిగి తెచ్చుకునేవాళ్ళు. నిప్పు ఇచ్చినవాళ్ళకు ఆ పూట వండిన కూర కొంచెం పంపడం మావాళ్ళ పద్ధతి. కాని శుక్రవారం మాత్రం నిప్పు గడప దాటకూడదు. దాటితే నిప్పు వెంట లక్ష్మి కూడా పోతుందని భయం.

ఒక వానాకాలం, శుక్రవారం నాడు, లచ్చమ్మ పెంకు పట్టుకుని అవ్వ గడప ముందుకు వచ్చింది. ఆమె రెండేళ్ళ కొడుక్కి జ్వరం వచ్చి ఒళ్ళు చల్లబడిపోతోంది, కాపడం పెట్టాలి, పొయ్యేమో వానకు ఆరిపోయింది. అవ్వ లోపలికి పోయి నిప్పు తీయబోయింది. వాళ్ళ అత్త మంచం మీద నుంచి చూస్తూ ఉంది. అత్త ఏమీ అనలేదట, చూసిందంతే. అవ్వ చేయి వెనక్కి తీసుకుని “ఇయ్యాల శుక్రారం గదనే” అంది. లచ్చమ్మ ఆ వానలో ఊరి చివరిదాకా పోయి ఎవరినో బతిమాలి తెచ్చుకుంది. తెల్లారేసరికి పిల్లవాడు పోయాడు.

ఆ నాలుగు నిప్పులు ఇచ్చి ఉన్నా బతికేవాడు కాదేమో. అది నేను అనే మాట. లచ్చమ్మ మాత్రం ఆనాటి నుంచి అవ్వతో పెదవి విప్పి మాట్లాడలేదు. నాలుగేళ్ళకు ఊళ్ళోకి గత్తర, అంటే కలరా, వచ్చి ఆమె కూడా పోయింది. అవ్వ ఆ తరవాత ఏ వారమైనా, ఎవరు అడిగినా నిప్పు ఇచ్చింది. అయినా అడగాల్సిన మనిషిని క్షమాపణ అడగలేదన్న బాధ ఆమెను తింటూనే ఉండేది.

బస్సు దిగి, ఎడ్లబండి మీద ఏటిదాకా పోయి, అక్కణ్ణుంచి పుట్టి ఎక్కాం. పుట్టి అంటే వెదురు అల్లికకు తోలు కట్టిన గుండ్రటి పడవ. నడిపినవాడు బాలయ్య, ఆ ఊరివాడే. శివరాత్రి పోయి పదిహేను రోజులై ఉంటుంది. గట్ల మీద మోదుగులు ఆకు రాల్చి ఒట్టి పూలతో ఎర్రగా ఉన్నాయి. అటు ఒడ్డున నల్లమల. పుట్టి మెల్లగా తిరుగుతూ పోతుంటే జొన్నరొట్టెలో ఎల్లిగడ్డ కారం పెట్టుకుని తిన్నాం. నీళ్ళల్లో చేయి పెట్టి తాగాం. అంత రుచి మళ్ళీ ఎక్కడా దొరకలేదంటే మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ.

దారిలో బాలయ్య తన వలలో పడ్డ బొచ్చె చేపను పైకెత్తి చూపించాడు. నేను పట్టుకుంటానని ఎగబడి నడుము దాకా నీళ్ళల్లోకి జారాను. సత్తయ్య, బాలయ్య చెరో రెక్కా పట్టి లాగారు. అవ్వ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నా లాగూ జేబులో ఉన్న అగ్గిపెట్టె పప్పులా నానిపోయింది. మాకున్నది ఆ ఒక్క అగ్గిపెట్టే. దొంగచాటు బీడీల కోసం దాన్ని మూటలో పెట్టకుండా నా జేబులో ఉంచుకున్నాను.

దిగాక సత్తయ్య మెట్ల దగ్గర కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. నేను ఇటుకలు కొలుచుకుంటూ తిరిగాను. అవ్వను ఊళ్ళోకి నేనే చేయి పట్టి తీసుకుపోయాను. పోయేటప్పుడు జనం దూలాలు, తలుపులు పీక్కుపోయారు. ఒట్టి మట్టిగోడలు నిలబడి ఉన్నాయి. అవ్వ తన ఇంటి గోడను చేత్తో తడిమి తడిమి చూసింది. తరవాత పక్కింటి గడప ముందు నిలబడింది. చాలాసేపు నిలబడింది. నేను దూరంగా జరిగాను.

“నోరు వస్తలేదురా. పోదాం పా” అంది చివరికి.

అంత దూరం వచ్చి ఆ మాట చెప్పకుండా తిరిగి రావడం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. పైకి మాత్రం ఎండ ఎక్కువైందన్నాను.

మెట్ల పక్కన మూడు రాళ్ళు పెట్టి పొయ్యి చేశాం. బాలయ్య చేప కోశాడు. అన్నీ ఉన్నాయి, నిప్పు లేదు. బాలయ్యకు పొగాకు నమలడమే తప్ప చుట్ట అలవాటు లేదు. సత్తయ్య తన కళ్ళద్దాలు తీసి ఎండను పట్టబోయాడు. అవి దూరపు చూపు అద్దాలు, వాటితో నిప్పు పుట్టదని నేను పాఠం చెప్పాను. తవ్వకాలవాళ్ళ డేరాలు రెండు నెలల కిందే ఎత్తేశారు. పచ్చి చేపను చూస్తూ ముగ్గురం కూర్చున్నాం.

అవ్వ లేచింది. తవ్విపోసిన మట్టికుప్పలోంచి అరచేతి కంటే పెద్ద కుండపెంకు ఒకటి ఏరుకుంది. అది ఏ రాజుల కాలందో పారేయమని సత్తయ్య అరిచాడు.

“రాజులు గూడ కుండలనే వండుకున్నరు బిడ్డా” అని ఊరి వైపు నడిచింది. “నిప్పు అడుక్కొస్త, కూసోండ్రి.”

ముసలితనంలో మతి తప్పిందనుకుని లేవబోయాను. బాలయ్య నా చేయి పట్టుకుని, “పోనియ్యి సారూ. పెద్దమ్మ కాపురం చేసిన జాగ. జరసేపు తిరగనియ్యి” అన్నాడు. తిరగనిచ్చాం.

పావుగంటకు వచ్చింది. పెంకును పైట చెంగుతో పట్టుకుని, గాలి తగలకుండా చేయి అడ్డం పెట్టుకుని వచ్చింది. పెంకులో అడుగున బూడిద, మీద ఎర్రటి నిప్పులు. నేను వాటిని పుల్లతో పొయ్యిలోకి తోశాను. ఐదు. తుమ్మ మొద్దు బొగ్గులు. ఎండుగడ్డి రాజేస్తే అలాంటి నిప్పు తయారుకాదు. గంటసేపు మండిన పొయ్యిలోంచి తీయాలి. పల్లెటూరివాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు.

ఎవరిచ్చారని అడిగాను. “ముందు కుండ పెట్టురా, ఆరిపోతది” అంది.

కుండ పెట్టి నేను ఊళ్ళోకి పరుగెత్తాను. ఎవరో గొర్లకాపరి పొయ్యి పెట్టి ఉంటాడని నా లెక్క. తవ్వకం దిబ్బ ఎక్కి చుట్టూ చూశాను. ఎక్కడా పొగ లేదు, గొర్రె లేదు, మనిషి లేదు. అవ్వ అడుగులు దుమ్ములో పడి ఉన్నాయి. అవి నేరుగా లచ్చమ్మ ఇంట్లోకి పోయి, అక్కణ్ణుంచే వెనక్కి వచ్చాయి. అంతకు ముందు నేను వేసినవి తప్ప ఇంకెవరి అడుగులూ లేవు. లోపల పొయ్యి ఉంది. అందులో చేయి పెట్టాను. చల్లగా ఉంది. మధ్యలో గడ్డి మొలిచి ఉంది.

తిరిగొచ్చి ఎవరికీ చెప్పలేదు. చేపల పులుసు ఉడికింది. మోదుగాకుల్లో వేడి వేడి అన్నం మీద పోసుకుని తిన్నాం. అవ్వ తినలేదు. ముందు ఒక ఆకులో అన్నం, పులుసు, మంచి ముక్క ఒకటి పెట్టుకుని మళ్ళీ ఊళ్ళోకి పోయింది. వెంట రావద్దంది. ఈసారి ఆలస్యంగా వచ్చింది. చేతిలో ఆకు లేదు. కుక్క తిని ఉండొచ్చు. ఖాళీ ఊళ్ళో కుక్కలు ఉండకుండా ఉంటాయా. ఆ రోజు నాకు ఒక్కటీ కనపడలేదు, అది వేరే సంగతి.

సాయంత్రం పుట్టిలో తిరిగి వస్తున్నాం. సత్తయ్య తన బొమ్మలు చూసుకుంటూ మురిసిపోతున్నాడు. అవ్వ నా భుజానికి ఆనుకుని కూర్చుంది. అప్పుడు మెల్లగా అడిగాను, చెప్పావా ఆ మాట అని.

“చెప్పనిస్తేగద. పెంకు సాపిన, నోరు తెరవకముందే నిప్పేసింది. నాలుగు చాలు యారాలా అన్న. ఇంకొకటేసింది.”

 తరవాత నా చేయి పట్టుకుని, “ఇయ్యాల శుక్రారం గదరా” అని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఇంటికి చేరేదాకా నా చేయి వదల్లేదు. ఆ తరవాత లచ్చమ్మ ఊసెత్తి బాధపడటం ఎప్పుడూ వినలేదు.

కొన్నేళ్ళకు నీళ్ళొచ్చాయి. ఊరు, మెట్లు, ఆ పొయ్యి అన్నీ కిందికి పోయాయి. అవ్వ కూడా పోయింది. సత్తయ్య బొమ్మల్లో ఒకటి, ఆ కుండపెంకు నా దగ్గర ఉన్నాయి. పెంకు లోపల కాలిన మచ్చ ఇంకా పోలేదు. మసక కళ్ళతో అవ్వ ఎవర్నో చూసి ఎవరో అనుకుని ఉండొచ్చు. అలా అయితే ఆ ఎవరో దుమ్ములో అడుగు పడకుండా ఎలా తిరిగారు, తుమ్మ నిప్పు ఎక్కడ కాల్చారు? ఇన్నేళ్ళుగా ఎటునుంచి చేసినా నాకు ఈ లెక్క తేలలేదు. అవ్వ అడిగింది నాలుగు, నేను పొయ్యిలో తోసింది ఐదు. ఆ ఐదోది ఎక్కడిదో నాకు తెలియదు. ఆ మాటకొస్తే మొదటి నాలుగూ ఎక్కడివో కూడా తెలియదు.