నల్లదారం ముడి

మా మేనత్త బట్టలు కుడుతుంది. ఎవరు గుడ్డ తెచ్చినా వెలుతురుకి పట్టి చూస్తుంది, కొలతలు మళ్లీ తానే తీసుకుంటుంది. ఒకరి మాట నమ్మే మనిషి కాదు. సైన్యంలో చనిపోయిన మా తమ్ముణ్ణి మూసిన పెట్టెలో తెచ్చినప్పుడూ అంతే. "మూత తియ్యనివ్వలేదంటే లోపలున్నది మనవాడేనని ఏమిటిరా నమ్మకం?" అంది. ఏడవలేదు. తర్వాత వాడి బట్టలొచ్చాయి. తెల్ల చొక్కా తిరగామరగా వేసి, కుట్టు కుట్టూ తడిమి, "ఎవడిదో తెచ్చి అంటగట్టారు" అంది. అంతలో రెండో గుండీ దగ్గర వేలు ఆగింది. నల్లదారంతో కుట్టి, పైకి కనబడేలా పెద్ద ముడి వేసి ఉంది. "ముడి లోపలికి వెయ్యరా అని ఎన్నిసార్లు చెప్పాను! విన్నాడా వెధవ!" అంటూ అలవాటుగా కత్తెర అందుకుంది. కానీ ముడి కత్తిరించలేదు. చొక్కాని మొహానికి అదుముకుని అప్పుడు ఏడ్చింది.