టిల్ట్ దీపం ఆరడానికి: షువైఖ్‌లో పాత పిన్‌బాల్ యంత్రాల మధ్య ఒక శుక్రవారం

పిన్‌బాల్ అనే ఆట ఒకటుందని మొన్న బుధవారం వరకు నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, ఇంట్లో ఆటపెట్టె చెడిపోయిందని చెప్పింది. అమ్మ సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది. ఇంటి పెద్దాయనను అందరూ బాబా అంటారు. వైద్యానికి వేరే దేశం వెళ్లి మూడు వారాలైంది, శుక్రవారం సాయంత్రం తిరిగి వస్తున్నారు. ఆయనను చూడవచ్చే వాళ్ల కోసం దివానియాను, అంటే మగ అతిథులు కూర్చునే గదిని, మూలమూలలా శుభ్రం చేయమని ఇంటావిడ చెప్పింది; ఆమెను మామా అంటారు. అమ్మ అలాగే చేసింది. ఆ గదిలోనే బాబా వయసులో ఉన్నప్పుడు కొనుక్కున్న ఆటపెట్టె ఉంది. తుడిచి, మళ్లీ ప్లగ్గు పెడితే ఒక దీపం వెలిగి అలాగే ఉండిపోయింది. బొత్తాలు పనిచేయడం లేదు.

ఆ ఇంట్లో ఫోటోలు తీయకూడదు. దీపం మీద ఏం రాసుందని అడిగితే అమ్మ, "నాలుగు అక్షరాలు పాపా. మొదటిదీ కడాదీ ఒకటే, గుంజ మీద దూలం పెట్టినట్టుండాయి. నడుమ ఒకటి ఉత్త గుంజ. ఇంగోటి కాలు సాపుకొని కూసున్నట్టుండాది," అంది. కాగితం మీద గీసుకుంటే ఇంగ్లీషులో టిల్ట్ అని వచ్చింది. నెట్‌లో వెతికితే అది పిన్‌బాల్ అని తేలింది; యంత్రాన్ని ఎవరో గట్టిగా కుదిపారని ఆ దీపం అర్థమట. అది చదివాక నాకు భయం ఎక్కువైంది. అమ్మ ఆడి పాడుచేసిందనే కదా అనుకుంటారు?

ఆ ఇంట్లో అంతకుముందున్న పనావిడను, గోడగడియారం పగిలినందుకు ఏజెన్సీకి తిరిగి పంపేశారు. అమ్మ ఇఖామా, అంటే ఇక్కడ ఉండేందుకు అనుమతి, వచ్చే నెలలో పొడిగించాలి. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. అమ్మ ఇక్కడికి వచ్చింది నన్ను చదివించడానికే. రెండేళ్లకొకసారి సెలవులో చూసిన అమ్మను, నేను అబూ హలీఫాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరినప్పటి నుంచి ప్రతి శుక్రవారం చూస్తున్నాను. ఇలా చూడటం మొదలై పదకొండు నెలలే అయింది. ఇప్పుడు ఆమెను పంపేస్తే మళ్లీ మొదటికి వస్తాం.

అందుకే శుక్రవారం ఉదయం పదింటికి టాక్సీ ఎక్కి ఎగైలాలోని ఒక మాల్‌కు వెళ్లాను. ఒకటిన్నర దీనార్లు తీసుకున్నాడు. అక్కడి ఆటల అంతస్తులో పాత పిన్‌బాల్ ఉందని ఎవరో నెట్‌లో రాశారు, దాన్ని బాగుచేసేవాళ్లు దొరుకుతారేమోనని. ఉంది, కానీ తాడు కట్టి అలంకారానికి పెట్టారు. కౌంటర్ దగ్గరున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి నా ముఖం చూసి జాలిపడిందేమో, షువైఖ్ పారిశ్రామిక వాడలో ఒకాయన సొంత పిన్‌బాల్ సేకరణను మ్యూజియంలా పెట్టాడని, శుక్రవారం ప్రార్థనలయ్యాక రెండింటికి తెరుస్తారని చెప్పింది. బాబా విమానం దిగేది నాలుగున్నరకు. మాల్‌లో కూర్చున్న ఆ రెండున్నర గంటల్లో టీ రెండుసార్లు తీసుకుని, రెండుసార్లూ తాగడం మరిచిపోయాను.

షువైఖ్‌కు టాక్సీలో నలభై నిమిషాలు, ఐదు దీనార్లు. పెషావర్ నుంచి వచ్చిన డ్రైవర్, శుక్రవారం అక్కడ టైర్ల దుకాణాలు కూడా మూసి ఉంటాయని, ఒంటరిగా ఏం పని అని మూడుసార్లు అడిగాడు. నేను లోపలికి వెళ్లేదాకా బండి కదపలేదు. అలాంటి వీధి అది: అన్నీ దించిన షట్టర్లే, ఒక్క తలుపు తెరిచి ఉంది. ప్రవేశం రెండు దీనార్లు, ఆ తరువాత ఎంతసేపైనా ఆడుకోవచ్చు.

లోపల ముప్పైకి పైగా యంత్రాలు, వాలు బల్లల్లా వరుసగా ఉన్నాయి. వెనక అద్దాల మీద సర్కస్ వాళ్లు, ఈతగాళ్లు, రాకెట్లు. స్ప్రింగు లాగి వదిలితే ఉక్కు గోళీ పైకెళ్లి, గంటలు మోగించుకుంటూ దొర్లి వస్తుంది; కింద రెండు రెక్కలతో దాన్ని మళ్లీ పైకి కొట్టాలి. పాతవాటిలో గంటలు నిజం గంటలే, అంకెల చక్రాలు టకటకా తిరుగుతాయి. ఇంకో రోజైతే సాయంత్రం దాకా ఆడేదాన్ని. ఆ రోజు ఆటకిచ్చే మూడు గోళీలూ నిమిషంలో పోగొట్టాను.

యంత్రాలు బాగుచేసే ఆయన కరీంనగర్ మనిషి, రాజయ్య. ఇరవై ఆరేళ్లుగా కువైట్‌లో ఉన్నారట. తెలుగు వినగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా, ఒక స్నేహితురాలి ఇంట్లో ఇలాంటి యంత్రం ఉందని అబద్ధం చెప్పాను. ఆయన నవ్వలేదు. ఒక యంత్రానికి ముందువైపున్న చిన్న తలుపు తెరిచి, ఇనుప కడియం మధ్యలో వేలాడుతున్న సన్నని కడ్డీ చూపించారు. యంత్రం పక్కకు ఒరిగితే కడ్డీ కడియానికి తగులుతుంది. ఆడేవాడు కుదుపుతున్నాడనుకుని యంత్రం ఆట ఆపేస్తుంది.

"ఖరాబ్ కాలే బిడ్డా, అలిగింది. మీ దోస్తునడుగు, దాని కాళ్లకింద ఏమన్న ఉండెనా అని."

మూడింటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తలేదు. వంటింట్లో మామా పక్కనే ఉండి ఉంటుంది. మళ్లీ చేస్తే అమ్మకు ఇబ్బంది, చేయకపోతే టైము లేదు. మూడూ ఇరవైకి అమ్మే చేసింది. స్పీకర్ పెట్టి రాజయ్య ప్రశ్నే అడిగాను.

"ఎనక కాలికింద అట్టముక్క ఉండె," అంది అమ్మ. "మడతలు పెట్టి, నల్లగా జిడ్డు పట్టి. చెత్త అనుకోని పారేసినా."

"ఎంత మందముండె అక్కా?" అన్నారు రాజయ్య.

"రెండు రొట్టెలంత."

అమ్మ అంత బాగా తుడవకపోయుంటే ఏమీ అయ్యేది కాదు. అంతే మందం అట్ట మడిచి పెట్టమని, ఒంటరిగా మాత్రం ఎత్తవద్దని, నడుము పోతుందని ఆయన రెండుసార్లు చెప్పారు. ఇంటి డ్రైవర్ ఎయిర్‌పోర్టుకు బయల్దేరుతున్నాడు. ఇంట్లో ఇక మిగిలింది మామా ఒక్కతే.

"అయితే మామాకు చెప్పాల్సిందే," అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆ వీధిలో టాక్సీ దొరికేసరికి చాలాసేపైంది; సల్వాకు వెళ్తున్నంతసేపూ ఫోన్ చేతిలోనే పట్టుకున్నాను. అది మోగలేదు. ఐదున్నరకు పక్క గేటు దగ్గర నిలబడ్డాను. లోపల కార్లు వచ్చి ఆగాయి. ఆరున్నర దాటాక అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. విషయం చెప్తే మామా కోప్పడిందట, పారేసినందుకు కాదు, మూడు రోజులు దాచినందుకు. తరువాత యల్లా, అంటే కానీ కానీ, అంటూ తనే ఒక మూల ఎత్తి పట్టుకుందట. అమ్మ టీపొడి డబ్బా అట్ట మడిచి యంత్రం కాలికింద తోసింది. దీపం ఆరిపోయింది.

మరి బాబా?

"యాడ ఆడతాడు పాపా. అద్దమ్మీద చెయ్యి పెట్టి, రోంతసేపు నిలబడి, పోయి పండుకున్న్యాడు."

ఇఖామా గురించి మామా ఏమీ అనలేదట. వచ్చే నెల దాకా తెలియదు. అమ్మ కొంగులోంచి ఇంకో అట్టముక్క తీసి నా చేతికిచ్చింది. మొదటిది నలిగితే పెట్టడానికట. రేపు తన చోట ఎవరు వచ్చినా పారేయకుండా దాని మీద రాయమంది. అరబిక్‌లో రాయనా, ఇంగ్లీషులోనా అని అడుగుతూ పెన్ను తీశాను.

"సదువు రానోళ్లొస్తే? బొమ్మ గీయి," అంది.

పదహారేళ్లు చదువుకున్నాను, ఆ మాట నాకు తట్టలేదు. గేటు దీపం కింద, అట్టను గోడకు ఆనించి, నాలుగు కాళ్ల బల్లను, ఒక కాలికింద అట్టను గీశాను. చీపురు గీసి దాని మీద అడ్డంగా కొట్టేశాను. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, చీపురు గరిటె మాదిరి ఉందని మళ్లీ గీయించింది. ఆ రోజు చూసిన యంత్రాల్లో ఒక్కదాని పేరూ గుర్తులేదు. వాటి కాళ్లకింద ఎవరో మడిచి పెట్టిన చెక్కలూ అట్టలూ మాత్రం ఇప్పటికీ కళ్లముందున్నాయి. వాటన్నిటి చుట్టూ ఎవరో ఒకరు రోజూ ఊడుస్తుంటారు.

షువైఖ్ వెళ్లాలనుకునేవాళ్లు శుక్రవారం రెండు దాటాకే వెళ్లండి, తిరుగు టాక్సీని ముందే మాట్లాడుకోండి. సాయంత్రం ఆ వీధిలో బండ్లు దొరకవు.