సొంత కారణాలు

మేడ్చల్ మందుల కంపెనీలో పనిచేసే మా మనవరాలు ఈ సాయంత్రం తన రాజీనామా ఉత్తరం తెచ్చి తప్పులు దిద్దమంది. రిటైరైనా టీచరమ్మనే కదా, ఎర్ర పెన్ను తీశాను. 'సొంత కారణాల వల్ల మానేస్తున్నాను' అని చక్కటి ఇంగ్లీషులో ఉంది.

"ఏం కారణాలే నీకు?"

"నాకేం తెల్సవ్వా! మందిని తీసేస్తుండ్రు. ఉత్తరం గూడ వాళ్లే రాసిచ్చిండ్రు. సంతకం పెడితెనే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తరంట."

తీసేస్తారని తెలిశాక, మాత్రల వాసనతో విసిగిన పిల్ల శామీర్‌పేటలో విత్తనాలు పరీక్షించే ఉద్యోగం మీద మనసు పడింది. ఆ సర్టిఫికెట్ చూపనిదే వాళ్లు తీసుకోరట.

ఉత్తరం రెండుసార్లు చదివాను. అక్షరదోషం ఒక్కటీ లేదు, నిజం కూడా ఒక్కటీ లేదు. ఎర్ర పెన్ను మూసేసి, సంతకానికి నీలం పెన్ను నేనే అందించాను.

మీరైతే ఏ పెన్ను ఇచ్చేవారు?