మా నాన్న నిలబడే చోటు

నా చిన్నప్పుడు, బటాంగ్ బెర్జుంటై దగ్గరి మా రబ్బరు ఎస్టేటుకు కెనడా నుంచి ఒక చిన్న దొర, అంటే మేనేజరు కింది తెల్లవాడు, వచ్చాడు. వస్తూ కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి ఒకటి తెచ్చాడు. అవి ఎమర్జెన్సీ రోజులు. తెల్లవాళ్ళ ప్రభుత్వం మీద తిరగబడి అడవిలో దాక్కున్నవాళ్ళకు తిండి చేరకూడదని మా ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేసి, గేటు దాటే ప్రతి సంచినీ విప్పి చూసేవారు. కాపలావాడు ఆ బంతిని కూడా నొక్కి, చెవి దగ్గర పెట్టి ఊపి చూశాడు, లోపల బియ్యం ఉందేమోనని.

దొర చుట్టుపక్కల ఎస్టేట్లను కలిపి తమ దేశపు ఫుట్‌బాల్ పోటీలు పెట్టాడు. ఒకడు బంతి పట్టుకుని పరుగెత్తాలి, అవతలివాళ్ళు పడగొట్టాలి, పడ్డచోటే రెండు జట్లూ మళ్ళీ ఎదురెదురుగా బారు తీరాలి. అంతసేపు నిలబడి, అంత తక్కువ ఆడే ఆట నేను మళ్ళీ చూడలేదు.

మావాళ్ళకు బలం ఉంది గానీ ఒక చిక్కు ఉంది. తోటలో రబ్బరు పాల కోసం గీసే చెట్లలో ఎవరి వరస వాళ్ళది. పక్కవాడి చెట్టుకు కత్తి తాకిస్తే తలలు పగిలేవి. ఆ అలవాటుతోనే మైదానంలోకి దిగారు. బంతి పట్టినవాడు పక్క మనిషి ముందు నుంచి దూసుకుపోతుంటే మర్యాదగా దారిచ్చి చూసేవారు. "అది నా వరస కాదు గదా దొరా!" అనేవాడు మా పక్కింటి బాబాయి. దొర టోపీ తీసి నేలకేసి కొట్టేవాడు. పాపం, టోపీ ఏం చేసింది?

పోటీలు సగంలో ఉండగా మా నాన్న పోయాడు. ఆయన ఎక్కిన రబ్బరు పాల లారీ మీద అడవిలోంచి ఎవరో కాల్చారు. ఆ ఉదయం ఆయన ఆఖరిగా అన్నది గొప్ప మాటేమీ కాదు, టీలో చక్కెర తక్కువైందని. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. మా కూలీల ఇళ్ళ లైన్లలోని ఆడవాళ్ళు అన్నం ఉడికిందా అని చూసినట్టు నా ముఖం చూసి వెళ్ళేవారు. ఉడకలేదు.

అమ్మ పచ్చి బాలింత. పనివాళ్ళ మీద పెద్ద అయిన మండోర్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "సెల్లీ, నానేటి సేత్తాను? సెట్లు గీసేవోలు నేకపోతే గది ఇంకొకలికి ఇచ్చేమన్నారు. నెలాకరు దాకా సూత్తాను లా." కంచె లోపల ఆ గది పోతే మాకు బయట నిలువ నీడ లేదు. నేను గోడ మీది బల్లిని చూస్తూ కూర్చున్నాను.

తర్వాతి ఆదివారం ఆట జరిగింది. బారులో మా నాన్న నిలబడే చోటు ఖాళీగా వదిలేశారు. పోయిన మనిషి చోటులోకి ఎవరు వెళతారు? అవతలి జట్టువాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు, ప్రతిసారీ ఆ సందులోంచే వచ్చారు. దొర అరిచాడు, బతిమాలాడు, చివరికి గడ్డిలో కూలబడ్డాడు. నేను ఆ ఖాళీనే చూస్తున్నాను. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు.

అప్పుడు పక్కింటి బాబాయి ఒక్కడుగు పక్కకు వేశాడు, పరాయి ఇంటి గడప దాటుతున్నట్టు. "అన్నా, ఏటీ అనుకోకు" అని నేలతో గొణిగాడు. పరుగెత్తి వచ్చినవాడు ఆయనకు గుద్దుకుని పడ్డాడు, బాబాయీ పడ్డాడు. ఆట మేమే ఓడిపోయాం. బాబాయికి ఒక పన్ను కూడా పోయింది.

మర్నాడు పొద్దున్న ఆయన తన చెట్లు గీయడం అయ్యాక, కత్తి పట్టుకుని నాన్న వరసలోకి నడిచాడు.

"ఏటిరా, అది నీ వరస కాదు గదా?" అన్నాడు మండోర్.

"తెల్సు. వదిన లేసి వచ్చీదాకా ఈ పాలు ఆవిడ పేరున తూసీ."

"నీకేటి వత్తాది?"

"నడుం నొప్పి."

మండోర్ పద్దు పుస్తకంలో అమ్మ పేరు రాశాడు. తర్వాత తూచాడు. రెండోనాడు జట్టులో మరొకాయన అవతలి కొస నుంచి గీసుకుంటూ వచ్చాడు. చంటివాడు మెడ నిలిపేసరికి అమ్మ పనిలోకి వెళ్ళింది. గది మాకే ఉంది. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు గానీ, అమ్మ పనిలోకి వెళ్ళిన రోజు రాత్రి అన్నం మళ్ళీ పెట్టమని అడిగాను. అమ్మ నా ముఖం చూసి పెట్టింది.

మెర్డెకా, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం, వచ్చేలోపే దొర తన బంతితో సహా వెళ్ళిపోయాడు. ఆ ఆట ఇక్కడ ఎవరికీ గుర్తులేదు, గుర్తుంచుకోదగ్గదీ కాదు. ఇప్పుడు పట్నంలో, బ్రిక్‌ఫీల్డ్స్‌లో మేముండే భవనంలో ఎవరింట్లో చావు జరిగినా నాకు ఓదార్పు మాటలు రావు. రేపు పొద్దున్న ఈ ఇంట్లో ఏ పని ఆగిపోతుందో అడుగుతాను. పిల్లలను బడి దగ్గర దింపడమైతే దింపుతాను, దుకాణం తలుపు తీయడమైతే తీస్తాను. ఏడవడానికి ఎలాగూ మనుషులు సరిపడా ఉంటారు.