మా బావ సింగారించిన పిస్తోలు

మా బావ ఉపేంద్ర ఆస్ట్రేలియాలోని టూవూంబాలో చర్మవ్యాధుల డాక్టరు. జీవితంలో ఆయన్ని ఎవరూ బెదిరించలేదు. అంత తీరిక మా అక్క లీలకు కూడా దొరకలేదు. అయినా యాభై దాటాక ఆయనకు పిస్తోలు కావలసి వచ్చింది.

ఇక్కడ తుపాకీ నడుముకు పెట్టుకొని తిరుగుతానంటే ఒప్పుకోరు. క్లబ్బులో చేరాలి, గురి చూసి కాల్చే పోటీలకు వెళ్లాలి. ఏటా వెళ్లాల్సినన్ని పోటీలకు వెళ్లకపోతే లైసెన్సు పోతుంది, తుపాకీ పోలీసులకు అప్పగించాలి. మిగతా రోజుల్లో దాని చోటు ఇంట్లో ఇనప బీరువా. ఇదంతా తెలిసే బావ నడుముకు తోలు ఒర కుట్టించుకున్నాడు. పిస్తోలు బీరువాలో ఉండగా, ఖాళీ ఒర తగిలించుకొని స్నేహితుల ఇళ్లకు భోజనాలకు వెళ్లేవాడు. కూర్చునేటప్పుడు కోటు కాస్త తొలగేలా చూసుకునేవాడు. చూసినవాళ్లు కంగారుపడితే, అందులో ఏమీ లేదని చెప్పే పని నాది.

అందరి దగ్గరా ఉండేలాంటి పిస్తోలు ఉంటే మా బావ గొప్ప ఏముంది? బ్రిస్బేన్‌లో ఒక పనివాడి చేత దానికి బంగారు రంగు పూత వేయించాడు. పిడికి ఎర్రచెక్క బిగింపజేశాడు. పక్కన తెలుగులో తన పేరు చెక్కించాడు. ఇంతా చేసి పోటీలకు వెళ్లడం మానేశాడు.

"కాల్చవా బావా?" అన్నాను.

"నీకేం తెలుసురా. పొగ పడితే ఫినిష్ పోతుంది. ఈ లుక్ రావడానికి ఎంత తిరిగానో తెలుసా?"

చివరికి క్లబ్బు కెప్టెన్ డెనిస్ ఫోన్ చేశాడు. ఈ ఏటికి ఇంకొక్క పోటీయే ఉందట, దానికి రాకపోతే లైసెన్సు ఉండదట. బావ ముఖం పాలిపోయింది. వస్తానని మాటిచ్చాడు.

పోటీ ముందురోజు ఆయుధపూజ. అక్క కారుకు, స్టెతస్కోపుకు బొట్లు పెట్టింది. బావ బీరువా తెరిచి పిస్తోలు తెచ్చి పీట మీద పెట్టాడు. అక్క దానికీ ఒక బొట్టు పెట్టి ఊరుకుంది. బావకు అది చాలలేదు. పెళ్లికొడుక్కి పూసినట్టు గంధం పూసి, పసుపు, కుంకుమ అద్ది, ఫోటోలు తీసి ఊళ్లోని తెలుగువాళ్లందరికీ పంపాడు. రేపు పోటీ చూడ్డానికి రమ్మని కూడా రాశాడు.

"తడిగుడ్డతో తుడుస్తాను బావా," అన్నాను.

"రుద్దకురా, కోటింగ్ లేస్తుంది," అని అలాగే పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

మర్నాడు క్లబ్బులో పెట్టె తెరిచి, తూటా ఎక్కించడానికి లాగితే పిస్తోలు పైభాగం వెనక్కి జరగలేదు. గంధం సందుల్లోకి దిగి ఎండిపోయింది. డెనిస్ దాన్ని వాసన చూసి, ఇదేమిటని అడిగాడు. బావ "శాండల్‌వుడ్" అన్నాడు. డెనిస్ నవ్వలేదు. నేను ఆపుకోలేక నవ్వాను.

డెనిస్ లోపలికి వెళ్లి క్లబ్బు పిస్తోలు తెచ్చాడు. రంగు పోయి, పిడికి నల్ల టేపు చుట్టి ఉంది.

"యూజ్ దిస్ వన్, మేట్. ఇట్ స్టిల్ కౌంట్స్."

దాంతో కాల్చినా పోటీకి వచ్చినట్టే. లైసెన్సు నిలిచేది. బావ ఆ పిస్తోలును చూశాడు. వెనక బెంచీ మీద ఫోన్లు పట్టుకొని కూర్చున్న మనవాళ్లను చూశాడు. ఒంట్లో బాగాలేదని చెప్పి కారు వైపు నడిచాడు. నాకు ఒళ్లు మండింది. చెయ్యి పట్టుకొని వెనక్కి లాగినా రాలేదు.

లైసెన్సు పోయింది. పోలీస్ స్టేషన్లో ఒక పోలీసమ్మాయి ఆ బంగారు పిస్తోలును రెండోసారి చూడకుండా ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి అంటించింది. ఇంటికొచ్చి బావ పిల్లవాడిలా ఏడ్చాడు.

"ఆ పాతదాంతోనే కాల్చి ఉంటే మీది మీ దగ్గరే ఉండేది కదండీ," అంది అక్క.

"అందరూ వీడియో తీస్తున్నారు లీలా," అన్నాడు బావ కళ్లు తుడుచుకుంటూ. "ఆ టేపు చుట్టిన దాంతోనా నేను కనిపించేది?"